పీచు తీసిన కొబ్బరికాయ

మొన్న దసరా సెలవుల్లో ధారూరు వెళ్ళాను. ధారూరంటే మా పుట్టిల్లు. వికారాబాదు దాటి తాండూరు వెళ్ళే రైలు దారిలో ఉంటుంది. చాలా రైళ్ళు మా స్టేషన్ని చూసీ చూడనట్టు దాటిపోతాయి. అయినా పుట్టిల్లు పుట్టిల్లే కదా!

మా తమ్ముడి కొడుక్కి ఎనిమిదో ఏడు. వాడికి కొత్త సైకిలు కొన్నారని ఫోనులో తెలిసింది. మేనత్తని కదా, ఉత్త చేతుల్తో వెళ్ళడం ఎందుకని హైదరాబాదులో ఓ హెల్మెట్టు కొని పట్టుకెళ్ళాను. ఎర్రగా, నున్నగా, గాలి ఆడటానికి పైన కిటికీల్లాంటి చీలికలతో ముద్దుగా ఉంది. ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారనుకున్నాను. పెట్టె విప్పేసరికి ఏమైందో చెప్పమంటారా?

"స్వీటు డబ్బా అనుకున్నం వదినె!" అని మా మరదలు నవ్వేసింది. పక్కింటి పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేందవ్వా, నెత్తి మీద గిన్నె బోర్లిచ్చినట్టు!" అంది. మా అల్లుడు మాత్రం దాన్ని వెంటనే నెత్తికెక్కించాడు. వారాంతాల్లో హైదరాబాదు నుంచి అనంతగిరి కొండలకి సైకిళ్ళ మీద వచ్చే కుర్రాళ్ళ నెత్తిన వాడు ఇలాంటివి చూశాడు మరి. అద్దంలో చూసుకుని మురిసిపోతున్నవాడి ఉత్సాహం మీద వాళ్ళ నాన్నే నీళ్ళు చల్లాడు.

"ఏందక్కా ఇది! చిన్నప్పుడు మనం తొక్కలేదా సైకిల్? మనకేమయింది?"

నేను జవాబు చెప్పాను. కానీ అది వాడికి వినబడలేదు. నేను వాడి ఎడమపక్కన కూర్చున్నాను. మా తమ్ముడికి ఎడమచెవి వినపడక ముప్పై ఏళ్ళు దాటింది.

అది 1991 ఎండాకాలం. నాకు పన్నెండేళ్ళు, వాడికి తొమ్మిది. అప్పట్లో మా ఊళ్ళో సొంత సైకిలున్న పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. మిగతా వాళ్ళందరికీ గంటకింతని కిరాయి సైకిలే గతి. ఆ సైకిళ్ళు పెద్దవాళ్ళవి. సీటు అందక, కడ్డీ కింద సందులోంచి కాలు అవతలికి దూర్చి, ఒంకరగా వేలాడుతూ తొక్కేవాళ్ళం. గంట అయిపోతే ఇంకో గంట కిరాయి పడుతుందనే భయంతో చివరి పది నిమిషాలూ గాలితో పోటీ పడేవాళ్ళం. అలా వస్తూ వస్తూ మా తమ్ముడు పల్లంలో కంకరరాయి మీద ముందుచక్రం జారి పడ్డాడు. పెద్ద పాటేం కాదు. మోకాలు కూడా పెద్దగా చెక్కుకుపోలేదు. కానీ తల ఎడమవైపు నేలకి తగిలింది. లేచి కూర్చుని నవ్వాడు కూడాను. చెవిలోంచి సన్నగా రక్తం కారడం ముందు చూసింది నేనే.

వికారాబాదు తీసుకెళ్ళారు, అక్కణ్ణించి హైదరాబాదు. బతికాడు. ఆ ఏడాది చదువు పోయింది, ఎడమచెవి పోయింది. "దేవుడి దయ, అంతటితో పోయింది" అని మా అమ్మ మొక్కులు తీర్చుకుంది. ఆ మాటా నిజమే. అయితే దేవుడి మీద భారం వేసే ముందు మనం చేయగలిగిందేమైనా ఉందా అని మా ఇంట్లోనే కాదు, ఊళ్ళోనే ఎవరికీ తోచలేదు. హెల్మెట్టంటే స్కూటరు వాళ్ళు ముందు హ్యాండిలుకి తగిలించుకుని తిరిగే వస్తువని మాత్రమే మాకు తెలుసు.

నాకా వేళ నిద్ర పట్టలేదు. సైకిలెక్కే మనిషికి తల సంగతి ఎప్పుడు గుర్తుకొచ్చింది, అందులోనూ పిల్లల తల సంగతి ఎప్పుడు గుర్తుకొచ్చింది అని ఒకటే ఆలోచన. హైదరాబాదు తిరిగొచ్చాక కూపీ లాగుతూ కూర్చున్నాను. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని, ఆ పాటి అలవాటు మిగిలింది. తీరా చూస్తే, ఈ బోర్లించిన గిన్నెలోని ప్రతి భాగం వెనకాలా ఎవరిదో ఒక పగిలిన తల ఉంది. 

సైకిలు పూర్వీకుడు 1817లో జర్మనీలో పుట్టాడు. కార్ల్ డ్రైస్ అనే ఆయన చేసిన చెక్క బండి అది. పెడళ్ళు లేవు. రెండు చక్రాల మధ్య కూర్చుని కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవడమే. కాళ్ళు ఎప్పుడూ నేల మీదే గనక తలకి వచ్చిన ప్రమాదమేమీ లేదు. అసలు తంటా 1870ల్లో వచ్చింది. ముందు చక్రం మనిషి భుజాలంత ఎత్తు, వెనక చక్రం పళ్ళెమంత ఉండే సైకిళ్ళు ఆ రోజుల్లో తయారయ్యాయి. పాత బొమ్మల్లో మీరు చూసే ఉంటారు. ఆ పెద్ద చక్రం నెత్తిన కూర్చుని తొక్కాలి. దారిలో చిన్న రాయి అడ్డం వస్తే చాలు, చక్రం ఆగిపోయేది, మనిషి మాత్రం ఆగేవాడు కాదు. ముందుకి పల్టీ కొట్టి తల నేలకి కొట్టుకునేవాడు.

అప్పుడు కొందరు తెలివైనవాళ్ళు సోలాటోపీ పెట్టుకోవడం మొదలెట్టారు. మన దేశంలో తెల్లదొరలు ఎండకి పెట్టుకునేవారే, ఆ టోపీయే. దాన్ని చేసేది మన చెరువుల్లో పెరిగే బెండు మొక్క గుజ్జుతో. బెండు ఎంత తేలికో, ఎంత సులువుగా నలుగుతుందో మనకి తెలుసు. దెబ్బ తగిలితే టోపీ నలిగి ముక్కలయ్యేది, తల కొంత తప్పించుకునేది. ఆ నలగడంలోనే రహస్యమంతా ఉందని గ్రహించడానికి లోకానికి ఇంకో డెబ్భై ఏళ్ళు పట్టింది.

ఈలోగా 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ సమానంగా ఉండి, గొలుసుతో నడిచే సైకిలు తెచ్చాడు. ఇప్పుడు మనం తొక్కే సైకిలుకి అదే తాత. పేరే 'సేఫ్టీ' సైకిలు. మూడేళ్ళకి, 1888లో, డన్‌లప్ గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. అన్నట్టు, ఆ టైరు ఎందుకు చేశాడో తెలుసా? కొడుకు మూడు చక్రాల బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతోందని! పిల్లాడి నడుం గురించి ఆలోచించిన తండ్రి అలా దొరికాడు. పిల్లల తల గురించి ఆలోచించేవాళ్ళు దొరకడానికి మాత్రం ఆ తర్వాత తొంభై ఏళ్ళ పైమాటే పట్టింది. సేఫ్టీ అని పేరు పెట్టుకున్నాక ఇంక భయమెందుకని అందరూ తలని మరిచిపోయారు. సైకిలు పందాల వాళ్ళు మాత్రం తోలు పట్టీలు వరసగా కుట్టిన టోపీ ఒకటి పెట్టుకునేవారు. జుట్టుకి వేసుకునే వలలా ఉండేది. చర్మం చెక్కుకుపోకుండా ఆపేదే గానీ లోపలి మెదడుకి వచ్చే కుదుపుని ఆపే శక్తి దానికి లేదు.

ఇక్కణ్ణించి కథ సైకిలు దిగి మోటారు సైకిలెక్కుతుంది. కానీ రెండు సైకిళ్ళ వల్లే ఎక్కుతుంది. 1962లో వచ్చిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమా మొదట్లోనే ఓ మోటారు సైకిలు ప్రమాదం ఉంటుంది. అది కల్పన కాదు. 1935 మే 13న ఇంగ్లండులోని డోర్సెట్‌లో టి.ఇ. లారెన్స్ మోటారు సైకిలు మీద వస్తున్నాడు. ఎదురుగా దారిలో మిట్టపల్లాల చాటున సైకిళ్ళ మీద ఇద్దరు పిల్లలు. వాళ్ళని తప్పించబోయి ఆయన పడిపోయాడు. తలకి ఏమీ లేదు. యుద్ధంలో ఎన్నో గండాలు గడిచిన మనిషి ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మే 19న పోయాడు.

ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డవాడు. రోగి ఎంత గొప్పవాడైనా తన కత్తికి అందని చోట దెబ్బ తగిలిందని ఆయనకి అర్థమైంది. తల పగిలాక బాగు చేయడం కాదు, పగలకుండా చూడటమే వైద్యమని ఆయన పట్టుబట్టి పరిశోధన సాగించాడు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఆయన వ్యాసం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం మొదలైన 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద మోటారు సైకిళ్ళ ప్రమాదాల్లో పోయినవాళ్ళు 2,279 మంది. వాళ్ళలో ఎక్కువమంది తల దెబ్బతోనే పోయారు. హెల్మెట్టు పెట్టుకుని పడ్డవాళ్ళు ఆయన కంటికి ఏడుగురే కనిపించారు. ఏడుగురూ బతికారు. ఏడుగురంటే పెద్ద లెక్కేమీ కాదు. అయినా ఆ నవంబరులోనే బ్రిటిష్ సైన్యం ఉత్తరాలు మోసే తన మోటారు సైకిలు జవాన్లకి హెల్మెట్టు తప్పనిసరి చేసింది. మామూలు జనానికి అదే నియమం పెట్టడానికి బ్రిటన్‌కి 1973 దాకా పట్టింది. 

ఇంతకీ ఆ దారిలో సైకిళ్ళ మీద వచ్చిన ఇద్దరు పిల్లలూ పెద్ద దెబ్బలు లేకుండా బయటపడ్డారు. వాళ్ళని తప్పించబోయి పోయిన మనిషి వల్ల హెల్మెట్టు పుట్టుకొచ్చింది గానీ, అది ఆ పిల్లల ఈడు వాళ్ళ దాకా రావడానికి ఇంకా చాలా కాలం ఉంది.

1953లో అమెరికాలో లొంబార్డ్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరుడూ ఒక కొత్త రకం హెల్మెట్టుకి పేటెంటు పొందారు. పైన గట్టి డిప్ప, లోపల నలిగే పొర. 1956లో విలియం స్నెల్ అనే కారు పందాల ఆటగాడు హెల్మెట్టు ఉండి కూడా తల దెబ్బతో చనిపోయాడు. అది ఉత్త అలంకారంలాంటి హెల్మెట్టు. ఆయన స్నేహితులు మర్నాడే ఊరుకోకుండా, 1957లో ఆయన పేరుతో ఒక సంస్థ పెట్టి, హెల్మెట్లని పరీక్షించి గాని నమ్మకూడదని ప్రచారం చేశారు. ఈ రెండూ కలిసి 1975లో సైకిలు దగ్గరికి వచ్చాయి. బెల్ కంపెనీ వాళ్ళు లోపల థర్మోకోల్ పొరతో సైకిలు వాళ్ళ కోసమే తయారుచేసిన మొదటి హెల్మెట్టు ఆ ఏడాది అమ్మకానికొచ్చింది.

థర్మోకోల్ అనగానే మా తమ్ముడు "టీవీ డబ్బాల వచ్చేది కాదా?" అన్నాడు. అదే నాయనా! టీవీకి ఉన్న విలువ తలకి లేకపోయిందన్నదే నా బాధ.

ఇది ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే ఏ ఫిజిక్సు పుస్తకమూ అక్కర్లేదు. కొబ్బరికాయ చాలు. చెట్టు మీంచి పీచుతో సహా పడిన కాయ అంత ఎత్తునించి పడ్డా మామూలుగా పగలదు. అదే కాయని పీచు తీసి గుళ్ళో మూరెడు ఎత్తునించి కొడితే రెండు చెక్కలవుతుంది. తేడా అంతా ఎక్కడుంది? పీచు నలిగి, లోపలి చిప్ప ఆగడానికి కాస్త జాగా, కాస్త వ్యవధి ఇచ్చింది. మన తల పీచు తీసిన కొబ్బరికాయ. చిప్పా ఉంది, నీళ్ళూ ఉన్నాయి, లోపల మెత్తని గుజ్జూ ఉంది. లేనిది పీచు ఒక్కటే. హెల్మెట్టులోని రెండు సెంటీమీటర్ల థర్మోకోల్ ఆ పీచు. మెదడుకి అది ఇచ్చే వ్యవధి సెకనులో కొన్ని వెయ్యో వంతులే. ఆ మాత్రమే చాలా సందర్భాల్లో బతుక్కీ చావుకీ మధ్య తేడా అవుతుంది.

అమెరికాలో 1999 నుంచి అమలైన పరీక్షలో ఈ హెల్మెట్లని 2 మీటర్ల ఎత్తునించి ఉక్కు దిమ్మె మీద పడేస్తారు. అంటే గంటకి సుమారు 22 కిలోమీటర్ల వేగంతో నేలకి తగలడమన్న మాట. పిల్లాడు సైకిలు మీంచి పడితే ఉండే దెబ్బ దాదాపు అంతే. మా తమ్ముడు పడిందీ అంతే ఎత్తునించి, అంతకంటే తక్కువేనేమో.

నలిగిన థర్మోకోల్ మళ్ళీ పొంగదు. అంచేత ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి ఎంత బాగా కనబడినా దాని ఆయువు తీరినట్టే. పారెయ్యాలి. మనకి పారెయ్యడం చేతకాదు. "చెక్కుచెదరలేదు, చిన్నోడికి పనికొస్తుంది" అని దాచిపెడతాం. అన్న చొక్కా తమ్ముడికి వెయ్యొచ్చు, పడ్డ హెల్మెట్టు మాత్రం పెట్టకూడదు. ఎవరి నెత్తిన ఏం జరిగిందో తెలియని పాత హెల్మెట్టు సంతలో సగం ధరకి వచ్చినా కొనకూడదు.

1989లో సియాటిల్ నగరంలోని వైద్యులు ఆసుపత్రులకి వచ్చిన సైకిలు గాయాలను లెక్కగట్టి, హెల్మెట్టు వల్ల తల గాయాలు 85 శాతం తగ్గుతాయన్నారు. ఆ లెక్క మరీ ఎక్కువని తర్వాత కొందరు వాదించారు. వివిధ దేశాల పరిశీలనల్ని కలిపి 2016లో తేల్చిన లెక్క ప్రకారం తల గాయాలు సగానికి సగం, తీవ్రమైన తల గాయాలు దాదాపు 70 శాతం తగ్గుతాయి. 85 కాకపోతే పోయె, సగమైనా తల్లికి తక్కువా?

1990 జూలై 1న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం సైకిలెక్కే ప్రతివాళ్ళూ హెల్మెట్టు పెట్టుకోవాలని చట్టం చేసింది. ప్రపంచంలో అదే మొదటిది. మా తమ్ముడు ధారూరులో కంకర మీద పడేనాటికి ఆ చట్టానికి ఏడాది నిండబోతోంది! ఒకే భూమి మీద ఒక చోట తెలిసిన సంగతి ఇంకో చోటికి చేరడానికి ఎంత కాలం పడుతుందో చూడండి. అయితే చట్టం వల్ల జనం సైకిలు తొక్కడమే మానేస్తున్నారని అక్కడ తగాదా పడ్డవాళ్ళూ ఉన్నారు. నెదర్లాండ్స్‌లో ఊరంతా సైకిళ్ళే, హెల్మెట్లు మాత్రం అరుదు. వాళ్ళకి కార్లతో సంబంధం లేకుండా సైకిలుకి వేరే దారులున్నాయి. మనకున్నది తాండూరు బండలు మోసే లారీలూ, సిమెంటు లారీలూ ఒరుసుకుపోయే రోడ్డు. ఆ మాట కూడా ఖచ్చితంగా చెప్పుకోవాలి. హెల్మెట్టు పిల్లాడు నేల మీద పడితే కాపాడుతుంది. లారీ కింద పడితే కాపాడదు. టోపీ పెట్టాం కదా అని పిల్లల్ని పెద్ద రోడ్డు మీదికి వదలమని దాని అర్థం కాదు.

మన దేశంలో సంగతి చెబుతాను. 1988 మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్టుకి 129వ సెక్షను ఉంది. 2019 సవరణలో నాలుగేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ మోటారు సైకిలు మీద హెల్మెట్టు ఉండాలన్నారు. 2022 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ఇంకో నియమం చేసింది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్ని మోటారు సైకిలు మీద తీసుకెళ్ళేటప్పుడు నడిపేవాళ్ళకి పట్టీలతో కట్టుకోవాలి, హెల్మెట్టు పెట్టాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ హెల్మెట్టు సైకిలు హెల్మెట్టయినా సరే, ఫలానా విదేశీ ప్రమాణాలకి సరిపోతే చాలునన్నారు. అంటే మన ప్రభుత్వ కాగితాల్లోకి పిల్లల సైకిలు హెల్మెట్టు మోటారు సైకిలెక్కి వచ్చిందన్న మాట! అసలు సైకిలు తొక్కే పిల్లల మాట ఆ సెక్షనులో లేదు. సైకిలు మోటారు వాహనం కాదు కదా. చలానా రాసే పోలీసూ లేడు. అంచేత ఇది పూర్తిగా అమ్మానాన్నల, అత్తల, తాతల చేతిలోని పని.

మరి కొనడం ఎలా? ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒప్పుకోవాలి. మనవాళ్ళకి పిల్లల బట్టలు రెండు సైజులు పెద్దవి కుట్టించే అలవాటుంది కదా, "ఎదిగే పిల్లాడు" అని. నేనూ అలాగే పెద్ద సైజు తెచ్చాను. అల్లుడు తల ఊపితే హెల్మెట్టు ఒక దిక్కు చూస్తోంది, వాడొక దిక్కు చూస్తున్నాడు. పైగా అది వెనక్కి జారి నుదురంతా బయటపడింది. పడినప్పుడు మొదట నేలకి తగిలేది తరచుగా నుదురే. చివరికి మా మరదలి కుట్టుమిషను పెట్టెలోంచి టేపు తీసి, కనుబొమ్మలకి కొద్దిగా పైనించి చెవుల మీదుగా చుట్టూ కొలిచాం. 52 సెంటీమీటర్లు వచ్చింది. ఆ కొలత చీటీ మీద రాసుకుని తిరిగొచ్చి మార్పించి, సరిపడేది పంపాను. టేపు ముందే పట్టుకుంటే ఈ తిప్పలుండేవి కావు.

పెట్టేటప్పుడు అడ్డంగా, సమంగా కూర్చోవాలి. కనుబొమ్మలకీ హెల్మెట్టు అంచుకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి, అంతే. పిల్లాణ్ణి కళ్ళు పైకెత్తి చూడమంటే దాని అంచు వాడికి కనబడాలి. రెండు పక్కల పట్టీలూ చెవి తమ్మెల కింద కలుసుకోవాలి. గడ్డం కింద పట్టీకీ చర్మానికీ మధ్య ఒకటి రెండు వేళ్ళకి మించి దూరకూడదు. "ఆవులించరా" అనండి. నోరు పూర్తిగా తెరిచినప్పుడు హెల్మెట్టు నెత్తిని కాస్త కిందికి నొక్కినట్టుండాలి. వెనక బిగించే చక్రం ఉంటే తిప్పి, "కాదు కాదు" అని తల ఊపించండి. తలతోపాటు తిరగాలే తప్ప దాని దారిన అది తిరగకూడదు. పట్టీ పెట్టుకోని హెల్మెట్టు నేల తగలకముందే ఎగిరిపోతుంది. మా నాన్న వరసవాళ్ళు రుమాలు చుట్టుకుని సైకిలెక్కేవారు. ఆ రుమాలు కూడా గాలికి ఊడకుండా బిగించి కట్టేవారు. మనం వేల రూపాయల వస్తువుని పట్టీ విప్పి పెట్టుకుంటున్నాం.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. మా మేనకోడలికి పదకొండేళ్ళు. "అత్తమ్మా, నాకెందుకు తేలే?" అని మూతి ముడిచింది. దానికీ కొన్నాం. నడినెత్తిన కొప్పో, పెద్ద క్లిప్పో ఉంటే హెల్మెట్టు సరిగా కూర్చోదు, పడితే ఆ క్లిప్పే తలకి గుచ్చుకుంటుంది. మెడ దగ్గర వదులు జడ వేస్తే చాలు. లోపల టోపీలు పెట్టకూడదు.

లోపల అతికించిన చీటీ చూడండి. పరీక్షకి నిలిచిందని దాని మీద ఉండాలి. అమెరికా వాళ్ళదయితే సి.పి.ఎస్.సి. అనీ, ఐరోపా వాళ్ళదయితే ఇ.ఎన్. 1078 అనీ, పసిపిల్లలదయితే ఇ.ఎన్. 1080 అనీ ఉంటుంది. నాన్నగారి మోటారు సైకిలు హెల్మెట్టు పిల్లాడి నెత్తిన పెట్టి సరిపెట్టకండి. ఆ బరువు వాడి మెడ మొయ్యలేదు. పెట్రోలుతో, కిరసనాయిలుతో తుడవొద్దు, థర్మోకోల్ కరిగిపోతుంది. సబ్బునీళ్ళు చాలు. ఎండలో నిలిపిన కారులో వదిలెయ్యొద్దు. అయిదు నుంచి పదేళ్ళ లోపు, పడినా పడకపోయినా, మార్చేసుకోవాలి.

ఇ.ఎన్. 1080 అన్నాను కదా, దాని వెనకాల కథ విన్నాక నాకు అన్నం సయించలేదు. ఐరోపాలో హెల్మెట్టు అలవాటైన పిల్లలు సైకిలు దిగాక కూడా దాన్ని తియ్యకుండా పార్కుల్లో నిచ్చెనలూ తాళ్ళూ ఎక్కి ఆడేవారు. శరీరం దూరిన సందులో హెల్మెట్టు ఇరుక్కునేది. గడ్డం కింద పట్టీ ఉరి అయ్యేది. అలా పసివాళ్ళు పోయారు. అందుకని చిన్నపిల్లల హెల్మెట్టుకి, బరువుగా లాగితే తనంతట తనే ఊడే కొక్కెం పెట్టి ఆ ప్రమాణం రాశారు. కాపాడే వస్తువు కూడా దాని వేళ దాటితే ప్రాణం తీస్తుంది. సైకిలెక్కేటప్పుడు పెట్టాలి, దిగగానే తియ్యాలి. చెట్టెక్కేటప్పుడూ, జారుడుబండ ఎక్కేటప్పుడూ అస్సలుండకూడదు. ఈ సంగతి నేను మా అల్లుడితో మూడుసార్లు చెప్పించుకున్నాను.

దీపావళికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి పిల్లలిద్దరూ బడి మైదానంలో సైకిళ్ళు తొక్కుతున్నారు. నెత్తిన ఎర్రదొకటి, నీలందొకటి. పక్కింటి పెద్దమ్మ అరుగు మీంచి, "మీ గిన్నెలు వచ్చినయ్ చూడు" అంది.

రాత్రి భోజనాలయ్యాక వాకిట్లో కూర్చున్నాం. మా తమ్ముడు వచ్చి ఎదురుగా ఉన్న కుర్చీ వదిలేసి, నాకు ఎడమపక్కకి వచ్చి కూర్చున్నాడు. వాడి కుడిచెవి నా వైపుంది.

"అక్కా, ఆ గద్దువ కింద పట్టీ ఎన్ని వేళ్ళంటివి? పొద్దున వానికి జర వదులుగ కొట్టింది" అన్నాడు.

నేను వాడి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి చూపించాను.